పంచాక్షరీ మహిమ – మల్లికార్జున పండితారాధ్యులు

ఆంధ్రదేశమున శివభక్తిని ప్రబోధించి పండితత్రయమని పేరొందినవారు శ్రీపతి పండితులు, మంచన పండితులు, మల్లికార్జున పండితారాధ్యులు. వీరిలో పండితారాధ్యులు క్రీ.శ. 12వ శతాబ్దివారు, బసవేశ్వరులకు సమకాలికులు. కంద పద్యములలో శివతత్త్వసారమును రచించిరి. వారి జీవితమును పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రమను ద్విపద కావ్యమున ఐదు ప్రకరణములుగా గానము చేసెను.

అందు మొదటిది దీక్షా ప్రకరణము. దాక్షారామ వాసులైన పండితారాధ్యులకు దీక్షాగురువు కోటిపల్లి ఆరాధ్యదేవులు. వీరశైవ దీక్షయందు గురువు శిష్యుని కరతలమున ఇష్టలింగము నుంచి, కుడిచెవిలో పంచాక్షరిని ఉపదేశించును. అష్టావరణములలో మంత్రమునకు స్థానము కలుగుటకు కారణమిదియే.

నమః శివాయ అను ఈ ఐదక్షరములు కృష్ణ యజుర్వేదములోని శ్రీరుద్రమున ఎనిమిదవ అనువాకమున వెలసినవి. ప్రణవము చేరినచో షడక్షరి యగును. నమః అనగా నమస్కారము. నాది కాదు అనియు పెద్దలు అర్థము చెప్పుదురు. శివాయ అనగా శివునికొరకు. కావున నాదియనునదంతయు శివార్పణమే యని మంత్రభావము. జపము వాచికము, ఉపాంశువు, మానసమని మూడు విధములు. పెదవి కదలని మానస జపము ఉత్తమము. అరచేతి లింగమున చూపు నిలిపి, మనస్సును అక్షరములయందు నిలుపుటయే దాని సాధన. సంఖ్య పెరిగినను మమకారము తరుగనిచో జపము ఫలింపదు.

ఈ త్యాగమున మిక్కిలి కఠినమైనది కులాభిమాన త్యాగము. బసవేశ్వరులు జన్మచే వచ్చిన బ్రాహ్మణ్యమును విడిచి, శివభక్తులందరిని ఒక్క కులముగా తలచిరి. పండితారాధ్యులు బసవేశ్వరుల భక్తికి ముగ్ధులైరి గాని, వైదికాచారమును, బ్రాహ్మణ్యమును విడువజాలరైరి. అయినను ఆ భేదము వారి ప్రేమకు అడ్డురాలేదు. బసవేశ్వరులను దర్శింపగోరి కల్యాణమునకు పయనమైరి. ఆ దర్శనము లభింపకమునుపే బసవేశ్వరులు లింగైక్యము నొందిన వార్త విని దుఃఖించిరి. పిదప శ్రీశైలమును చేరి, అచ్చటనే తామును శివైక్యము నొందిరని సోమనాథుని కథనము.

ఒకే మంత్రమును జపించిన ఆ మహనీయులిరువురు లోకమున కలిసికొనలేదు, శివునియందు కలిసిరి. దినదినము పంచాక్షరిని పలుకు మనము, నాది కాదని నేడు దేనిని విడిచితిమో ఒక్కమారు తరచి చూచుకొనవలెను. కులమును విడువని నాలుకపై ఆ మంత్రము సగమే పలికినట్లగును.