మొమొఫుకు ఆండో

మొమొఫుకు ఆండో (మార్చి 5, 1910 - జనవరి 5, 2007) తైవాన్‌లో పుట్టి జపాన్‌లో స్థిరపడిన పారిశ్రామికవేత్త. నిస్సిన్ ఆహార సంస్థ స్థాపకుడు. వేడినీళ్ళు పోస్తే చాలు, నిముషాలలో తయారయ్యే ఇన్‌స్టంట్ రామెన్ నూడుల్స్‌ను 1958లోను, కప్పులో పెట్టి అమ్మే నూడుల్స్‌ను 1971లోను ఈయన మార్కెట్లోకి తెచ్చాడు. మన దేశంలో 1991 నుండి అమ్ముడవుతున్న టాప్ రామెన్ ఈ సంస్థ ఉత్పత్తియే.

బాల్యం, తొలి వ్యాపారాలు

ఆండో పుట్టేనాటికి తైవాన్ జపాను పాలనలో ఉండేది. నేటి చియాయి ప్రాంతంలో జన్మించాడు. చైనీయుల ఉచ్చారణలో ఈయన అసలు పేరు వు పైఫు. చిన్నతనంలోనే తల్లిదండ్రులు చనిపోగా, తైనాన్ నగరంలో తాత, నాయనమ్మల వద్ద పెరిగాడు. వారిది బట్టల దుకాణం. కనుక లెక్కలు, బేరసారాలు ఈయనకు బడికంటే ముందు ఇంట్లోనే అలవడ్డాయి. 22 ఏళ్ళ వయసులో తైపేలో అల్లిక దుస్తుల వ్యాపారం మొదలుపెట్టి, మరుసటి సంవత్సరం ఒసాకాకు విస్తరించాడు. వ్యాపారం చూసుకుంటూనే క్యోటోలోని రిత్సుమైకాన్ విశ్వవిద్యాలయంలో చదువుకున్నాడు.

యుద్ధకాలంలో సామగ్రి దారి మళ్ళించాడన్న ఆరోపణపై సైనిక పోలీసులు ఈయనను నిర్బంధించి హింసించారు. ఒసాకాపై జరిగిన బాంబు దాడులలో కార్యాలయాలు కాలిపోయాయి. 1945లో మసాకోను వివాహం చేసుకున్నాడు. యుద్ధం ముగిశాక సముద్రతీరంలో యువకులను చేరదీసి ఉప్పు తయారు చేయించాడు. ఆ యువకులకు ఇచ్చిన విద్యార్థి వేతనాలపై పన్ను చెల్లించలేదన్న కేసులో 1948లో అరెస్టయి, సుమారు రెండేళ్ళు జైలులో ఉన్నాడు. తరువాత ఒక పరపతి సంఘానికి అధ్యక్షుడుగా ఉన్నాడు. 1957లో ఆ సంఘం దివాలా తీయడంతో, ఇకెడా పట్టణంలోని అద్దె ఇల్లు తప్ప ఈయనకు ఏమీ మిగలలేదు. అప్పటికి వయసు 47.

పెరటి పాకలో ప్రయోగాలు

యుద్ధానంతరం జపానులో తీవ్రమైన ఆహార కొరత ఉండేది. ఒసాకా రైల్వే స్టేషను వెనుక చలిలో రామెన్ బండి ముందు బారులు తీరి నిలబడిన జనాన్ని ఆండో చూశాడు. అమెరికా సహాయంగా వచ్చే గోధుమలతో రొట్టెలు తినమని ప్రభుత్వం ప్రోత్సహిస్తున్న రోజులవి. తూర్పు ఆసియా ప్రజలు తరతరాలుగా తినే నూడుల్స్‌ను ఎందుకు ప్రోత్సహించరన్నది ఈయన ప్రశ్న. ఆస్తి పోయిన తరువాత ఆ ప్రశ్నకు తానే సమాధానం వెదకబూనాడు.

ఇంటి వెనుక ఒక పాక వేయించి, పాత నూడుల్స్ యంత్రం, పెద్ద మూకుడు, గోధుమపిండి, నూనె సమకూర్చుకున్నాడు. సుమారు ఒక సంవత్సరం పాటు సెలవన్నది లేకుండా, రోజుకు నాలుగు గంటలే నిద్రపోతూ పనిచేశాడు. పులుసును పిండిలో కలిపితే నూడుల్స్ తెగిపోయేవి. చివరకు ఆవిరిపై ఉడికించిన నూడుల్స్ మీద, మొక్కలకు నీళ్ళు పోసే డబ్బాతో పులుసును చిలకరించే పద్ధతి కుదిరింది. ఇక మిగిలింది వాటిని ఎండబెట్టడం. భార్య టెంపురా (మన బజ్జీల వంటి జపాను వంటకం) వేయిస్తుండగా చూసినప్పుడు ఈయనకు ఉపాయం తట్టింది. నూడుల్స్‌ను కాగే నూనెలో వేస్తే వాటిలోని నీరు ఆవిరై పోయి, సన్నని రంధ్రాలు మిగులుతాయి. తరువాత వేడినీళ్ళు పోసినప్పుడు ఆ రంధ్రాల ద్వారానే నీరు లోపలికి ప్రవేశించి, నూడుల్స్ మళ్ళీ మెత్తబడతాయి. నేటికీ ఎక్కువ రకాల ఇన్‌స్టంట్ నూడుల్స్ ఈ సూత్రం మీదనే తయారవుతున్నాయి.

1958 ఆగష్టు 25న చికెన్ రామెన్ మార్కెట్లోకి వచ్చింది. వెల 35 యెన్లు. తాజా నూడుల్స్‌కంటే ఇది చాలా ఖరీదు కావడంతో టోకు వర్తకులు మొదట వెనుకాడారు. అదే సంవత్సరం డిసెంబరులో సంస్థ పేరు నిస్సిన్‌గా మారింది. హిందువులు గొడ్డు మాంసాన్ని, ముస్లిములు పంది మాంసాన్ని వర్జించినా, కోడిని నిషేధించిన మతం లేదన్నది కోడి పులుసును ఎంచుకోవడానికి ఆండో చెప్పిన కారణాలలో ఒకటి. శాకాహారుల సంగతి ఆ లెక్కలోకి వచ్చినట్లు లేదు.

వేయించిన నూడుల్స్ పూర్తిగా ఆండో సృష్టియేనా అన్న విషయంపై వాదన ఉంది. తైవాన్‌లో అటువంటి నూడుల్స్ అంతకు ముందే ఉన్నాయి. తైవాన్‌కే చెందిన మరొక వ్యాపారి జపానులో దాఖలు చేసిన పేటెంటు హక్కులను నిస్సిన్ 1961లో కొనుగోలు చేసింది. పద్ధతిని కర్మాగార స్థాయికి తెచ్చి, దేశమంతటా అమ్మిన ఘనత మాత్రం ఆండోదే. 1964లో పరిశ్రమ సంఘాన్ని ఏర్పరచి, ఇతర కంపెనీలు కూడా ఈ పద్ధతిని వాడుకునే వీలు కల్పించాడు.

ఇంటింటి చేర్పులు

చికెన్ రామెన్‌లో మసాలా పొట్లం ఉండదు, రుచి అంతా నూడుల్స్‌లోనే ఉంటుంది. గిన్నెలో నూడుల్స్ పెట్టి, పైన పచ్చి గుడ్డు కొట్టి వేసి, మరిగే నీళ్ళు పోసి మూత పెట్టడం జపాను ఇళ్ళలో అలవాటైంది. గుడ్డు జారిపోకుండా 2003లో నిస్సిన్ నూడుల్స్ ముద్ద మధ్యలో ఒక గుంట ఏర్పాటు చేసింది. వండేవారి అలవాటును చూసి తయారీదారు తన వస్తువును మార్చుకోవడం చెప్పుకోదగిన విషయం.

1960లలో ఇతర కంపెనీలు పులుసు పొడిని విడి పొట్లంలో ఇవ్వడం మొదలుపెట్టాక వంటింటి స్వేచ్ఛ మరింత పెరిగింది. పొడిని తగ్గించి వేస్తే ఉప్పు తగ్గుతుంది. తరిగిన ఉల్లికాడలు, ఉడికించిన పాలకూర, మొక్కజొన్న గింజలు, వెన్న, నువ్వుల నూనె, పంది మాంసపు ముక్కలు జపానువారు కలిపే వాటిలో కొన్ని. ఆకుకూరలు, ఉల్లికాడలు చివర్లో వేస్తేనే వాటి రంగు, కరకర నిలుస్తాయి. కొరియాలో కిమ్చీ, జున్ను కలుపుతారు. మన ఇళ్ళలో ఉల్లిపాయలు, టమాటాలు, పచ్చిమిర్చి, బఠాణీలు ముందుగా వేయించి, అందులో నీళ్ళు పోసి నూడుల్స్ ఉడికించడం పరిపాటి. ఇది ఉప్మా పద్ధతికి దగ్గరగా ఉంటుంది.

కప్ నూడుల్స్

1966లో ఆండో అమెరికా వెళ్ళినప్పుడు, అక్కడి దుకాణదారులు నూడుల్స్‌ను విరిచి కాగితపు కప్పులో వేసి, వేడినీళ్ళు పోసి, ఫోర్కుతో తినడం గమనించాడు. గిన్నె, పుల్లలు లేని దేశాలలోనూ ఇది అమ్ముడుపోవాలంటే కప్పే మార్గమని గ్రహించాడు. నూడుల్స్ ముద్దను కప్పు అడుగుకు తాకకుండా మధ్యలో ఇరికించి ఉంచారు. నిలబెట్టిన నూడుల్స్‌పై కప్పును బోర్లించి అమర్చే ఉపాయంతో ఇది సాధ్యమైంది. పైన ఎండబెట్టిన రొయ్యలు, గుడ్డు ముక్కలు చేర్చారు. 1971 సెప్టెంబరు 18న విడుదలైంది. వెల 100 యెన్లు. 1972 ఫిబ్రవరిలో అసామా-సాన్సో బందీల సంఘటన టెలివిజన్‌లో ప్రసారమైనప్పుడు, మంచులో పోలీసులు కప్ నూడుల్స్ తినడం దేశమంతా చూసింది. ఆ తరువాత అమ్మకాలు బాగా పెరిగాయి.

అన్ని ప్రయత్నాలూ ఫలించలేదు. మిగులు బియ్యాన్ని వాడడానికి 1975లో తెచ్చిన కప్ రైస్ ఖరీదెక్కువై విఫలమైంది. భారీ పెట్టుబడి పెట్టినా, ఆండో దానిని ఉపసంహరించుకున్నాడు.

చివరి సంవత్సరాలు

2005 జూలైలో జపాను వ్యోమగామి సోయిచి నోగుచి డిస్కవరీ నౌకలో నిస్సిన్ తయారు చేసిన అంతరిక్ష రామెన్ తిన్నాడు. ఆండో అదే సంవత్సరం సంస్థ అధ్యక్ష పదవి నుండి విరమించుకున్నాడు. వృద్ధాప్యంలో కూడా చికెన్ రామెన్ దాదాపు రోజూ తినేవాడు. 2007 జనవరి 5న గుండె పనిచేయక, 96వ ఏట మరణించాడు. ఫిబ్రవరిలో ఒసాకాలోని బేస్‌బాల్ స్టేడియంలో సంస్మరణ కార్యక్రమం జరిగింది. 2023లో ప్రపంచంలో సుమారు 12,000 కోట్ల ఇన్‌స్టంట్ నూడుల్స్ అమ్ముడయ్యాయి. వినియోగంలో చైనా, ఇండోనేషియాల తరువాత భారతదేశం మూడవ స్థానంలో నిలిచింది. ఇకెడాలో 1999లో ప్రారంభమైన మ్యూజియంలో ఆండో పనిచేసిన పాక నమూనాను చూడవచ్చు.