మరపును లెక్కగట్టిన మనిషి

పరీక్షల ముందు హాస్టల్లో మనవాళ్ళు ఒకరికొకరు అప్పజెప్పుకుంటుంటే నాకు హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ గుర్తొస్తాడు. 1850లో జర్మనీలోని బార్మెన్‌లో పుట్టాడు. 1870 యుద్ధంలో సైనికుడిగా పనిచేసి, 1873లో బాన్‌లో డాక్టరేటు తీసుకున్నాడు.

ఆయన ప్రయోగాల్లో గురువూ ఆయనే, శిష్యుడూ ఆయనే. అర్థంలేని అక్షరాల ముక్కలు దాదాపు 2300 తయారుచేసుకుని, వరుసలు కట్టి కంఠస్థం పట్టేవాడు. మధ్యలో తడబడ్డాడా, మిగతా వరుస చూసి చదివి, మళ్ళీ మొదటికి రావలసిందే! తప్పు లేకుండా ఒప్పజెప్పేదాకా ఇదే తంతు. 1879-80లోనూ, తిరిగి 1883-84లోనూ ఈ తపస్సు సాగింది. మనకైతే నాలుగు రోజులకే విసుగెత్తేది.

1885లో పుస్తకం వేశాడు. గంట గడిచేసరికే సగానికి పైగా జారిపోతుందట. అయితే నాకు నచ్చింది ఇంకో సంగతి. నెల తర్వాత మళ్ళీ నేర్చుకుంటే మొదటి శ్రమలో ఐదో వంతు కలిసొచ్చింది. అంటే మరిచిపోయామనుకున్నది పూర్తిగా పోలేదన్నమాట.

తప్పు చెబితే జ్ఞాపకం బలపడుతుందా అన్నది మాత్రం ఆయన పరీక్షించలేదు. ఆ పని 2009లో అమెరికాలో కోర్నెల్, హేస్, బ్యోర్క్ చేశారు. జవాబు తెలియకపోయినా ముందు ఊహించి, తప్పయ్యాక వెంటనే సరైనది చూసుకుంటే, ఊరికే చదివినదానికన్నా బాగా గుర్తుందని తేలింది. కిటుకంతా ఆ వెంటనే చూసుకోవడంలోనే ఉంది. తప్పును అలాగే వదిలేస్తే అదే నాటుకుపోవచ్చు.

1897లో ఎబ్బింగ్‌హాస్ బ్రెస్లావ్ బడిపిల్లలకు మాటలు ఎగిరిపోయిన పేరాలిచ్చి పూరించమన్నాడు. మన చిన్నప్పటి ‘ఖాళీలు పూరింపుము’కు అది దగ్గర చుట్టమే! 1909లో హాలే నగరంలో, 59వ ఏట, న్యుమోనియాతో కన్నుమూశాడు.