ఎలియాస్ లోన్‌రోట్

ఐరోపాఖండమున ఉత్తరపు కొసను ఫిన్లండు అను దేశము కలదు. వేలకొలది సరస్సులకును, దట్టమైన అడవులకును, దీర్ఘమైన శీతకాలమునకును ఆ దేశము పేరుపొందినది. దానికి పడమట స్వీడను, తూర్పున రష్యా. సుమారు ఆరువందల యేండ్లు ఫిన్లండు స్వీడను రాజుల యేలుబడిలో నుండెను. 1809వ సంవత్సరమున, యుద్ధములో గెలుపొందిన రష్యా చక్రవర్తి దానిని తన సామ్రాజ్యమున చేర్చుకొనెను. పెద్దకొండల నడుమ చిక్కిన చిన్న చేనువంటి ఆ దేశప్రజలు తమ్ము తాము ఏ జాతివారమని చెప్పుకొందురు? స్వీడనువారమందమన్న, ఆ రాజ్యముతో సంబంధము తెగిపోయెను. రష్యనులమందమన్న, వారి భాషయు ఆచారములును తమవి కావు. ఈ చిక్కుప్రశ్నకు కత్తి పట్టకయే సమాధానము చూపిన మహనీయుడు ఎలియాస్ లోన్‌రోట్.

లోన్‌రోట్ 1802వ సంవత్సరము ఏప్రిల్ 9వ తేదీన సమ్మట్టి అను పల్లెలో నిరుపేదయైన దర్జీ యింట జన్మించెను. పంట పండని యేడు పిండిలో చెట్టుబెరడు కలిపి రొట్టెలు చేసికొని తినిన కుటుంబమది. ఇంటిలో వారు మాట్లాడునది ఫిన్నిషు భాష. బడిలో పాఠములన్నియు స్వీడిషు భాషలో. చదువుకొనవలెనన్న ఆ బాలుడు ముందుగా పరభాష నేర్వవలసి వచ్చెను. డబ్బు చాలనపుడు మాధుకరమెత్తు విద్యార్థివలె ఇల్లిల్లు తిరిగి పాటలు పాడి పొట్ట పోసికొనెను. కొంతకాలము మందుల దుకాణమున పని నేర్చుకొనెను. ఇన్ని కష్టములకోర్చి, 1822లో టుర్కు నగరమందలి విశ్వవిద్యాలయమున చేరెను.

ఆ రోజులలో న్యాయస్థానమునకు, కచేరీకి, కళాశాలకు స్వీడిషే భాష. మతగ్రంథములు మున్నగు కొలది పుస్తకములు తప్ప ఫిన్నిషులో చదువదగినవి అరుదు. అది పొలములోను, వంటయింటిలోను మాత్రమే వినబడుచుండెను. కాస్త పెద్దచదువు చదివినవాడు తన తల్లిభాషలో మాట్లాడుటకు సంకోచించెడివాడు. పొరుగువారు చిన్నచూపు చూచుట ఒక కష్టము. తమ్ము తామే చిన్నచూపు చూచుకొనుట అంతకంటె పెద్ద ఆపద. ఆ ఆపదయే నాడు ఫిన్నిషు జాతిని చుట్టుకొని యుండెను.

అయితే పల్లెలలో వృద్ధుల నోట ప్రాచీనగాథలు ఇంకను నిలిచి యుండెను. వీరులను గూర్చియు, మంత్రవేత్తలను గూర్చియు వారు తరతరములుగా పాడుకొనుచుండిరి. ఆ వృద్ధులతోపాటు ఆ పాటలును మట్టిలో కలిసిపోవునని లోన్‌రోట్ గ్రహించెను. 1828లో చేతికఱ్ఱ పట్టుకొని కాలినడకన పాటల సేకరణకు బయలుదేరెను. 1831లో హెల్సింకి నగరమున ఫిన్నిషు సాహిత్యసంఘము స్థాపింపబడి ఆయన కృషికి అండగా నిలిచెను.

వైద్యవిద్య ముగించి, 1833లో ఆయన కయాని అను మారుమూల పట్టణమునకు ప్రభుత్వ వైద్యుడుగా వెళ్లెను. అచ్చట కరవును, విషజ్వరములును ప్రబలి యుండెను. రోగులకు చికిత్స చేయుచు తానును జ్వరమున పడి బ్రతికి బయటపడెను. అయినను సెలవు దొరికినపుడెల్ల నడచియు, పడవనెక్కియు, మంచుపై జారుచును సరిహద్దు దాటి రష్యాలోని కరేలియా పల్లెలకు పోయెడివాడు. 1834లో అచ్చట అర్హిప్పా పెర్తునెన్ అను వృద్ధ కృషీవలుడు రెండుమూడు దినములు పాడుచుండగా లోన్‌రోట్ వ్రాసికొనెను. విశ్వవిద్యాలయ పట్టము పొందిన వైద్యుడు ఒక పల్లెటూరి రైతు యెదుట శిష్యునివలె కూర్చుండెను.

ఇట్లు సేకరించిన పాటలను ఒక కథగా కూర్చి, అతుకుటకు అక్కడక్కడ తన చరణములను చేర్చి, 1835లో కాలెవాల అను కావ్యమును ప్రకటించెను. అచ్చయినవి 500 ప్రతులు మాత్రమే. అవి చెల్లుటకు సైతము ఏండ్లు పట్టెను. ఆయన నిరుత్సాహపడలేదు. మరికొన్ని పాటలు చేర్చి 1849లో 50 సర్గములతో, 22,795 పాదములతో దానిని పెంచి వెలువరించెను. విద్యావంతులు చదివి విస్మితులైరి. ఏ భాషను మోటుభాషయని త్రోసివేసిరో, ఆ భాషయందే ఇంత గొప్ప కావ్యము దాగియున్నదని నాడు తెలిసికొనిరి.

మరుసటి యేడే, 1850లో, మతమునకు, జీవనోపాధికి సంబంధించినవి తప్ప ఫిన్నిషులో ఇతర పుస్తకములు అచ్చువేయరాదని ప్రభుత్వము శాసించెను. ఆ శాసనము చిరకాలము నిలువలేదు. 1853లో లోన్‌రోట్ హెల్సింకి విశ్వవిద్యాలయమున ఫిన్నిషు భాషాచార్యుడుగా నియుక్తుడయ్యెను. 1863లో రెండవ అలెగ్జాండరు చక్రవర్తి ఇరువది యేండ్లలో ఫిన్నిషుకు స్వీడిషుతో సమానస్థానము కల్పింపవలెనని ఉత్తరువు చేసెను. వైద్యమునకు, వృక్షశాస్త్రమునకు కావలసిన మాటలను లోన్‌రోట్ తన భాషలోనే కల్పించెను. రెండు లక్షలకు పైబడిన పదములతో ఫిన్నిషు-స్వీడిషు నిఘంటువును 1880 నాటికి పూర్తిగావించెను. తన భాషను ప్రేమించుటకు పొరుగుభాషను ద్వేషింపనక్కరలేదని ఆ నిఘంటువే సాక్ష్యము.

1884వ సంవత్సరము మార్చి 19వ తేదీన ఆయన తాను పుట్టిన సమ్మట్టిలోనే కన్నుమూసెను. ముప్పదిమూడేండ్ల తరువాత, 1917లో, ఫిన్లండు స్వతంత్రదేశమయ్యెను. ఆ స్వాతంత్ర్యము అనేకుల కృషిఫలము. అయినను ఫిన్నిషు ప్రజలు ప్రతి సంవత్సరము ఫిబ్రవరి 28వ తేదీని కాలెవాల దినముగా జరుపుకొనుచు ఈ దర్జీ కుమారుని స్మరించుచున్నారు. దేశపు విస్తీర్ణమును పెంచుట ఆయన చేతిలో లేదు. పొరుగువారి బలమును తగ్గించుటయు ఆయన వశము కాదు. పొరుగువారి కొలబద్దతో తమ్ము కొలుచుకొనుట మాన్పి, ఆ చిన్నజాతికి తన విలువను తానెరుగునట్లు చేయుటయే ఆయన చేసిన మహోపకారము.