అక్షరాలకు ఆట నేర్పిన సత్యజిత్ రే

సత్యజిత్ రే పేరు చెప్పగానే మనకు ‘పథేర్ పాంచాలీ’ గుర్తుకు వస్తుంది. కాని ఆ మహానుభావుడు మొదట మనలాగే నెల జీతంమీద బ్రతికిన ఉద్యోగి అనీ, ఆ ఉద్యోగం అక్షరాలు, బొమ్మలు గీయడమేననీ చాలామందికి తెలియదు.

ఆయన 1921 మే 2న కలకత్తాలో జన్మించారు. తాతగారు ఉపేంద్రకిశోర్ అచ్చుపనిలో దిట్ట. సొంత ప్రెస్సు పెట్టి, 1913లో ‘సందేశ్’ అనే పిల్లల పత్రిక ప్రారంభించారు. తండ్రి సుకుమార్ రే హాస్య రచయిత. రెండేళ్లు దాటాయో లేదో సత్యజిత్‌కు తండ్రి పోయారు. తరువాత ప్రెస్సూ పోయింది. తల్లి సుప్రభాదేవి మేనమామల ఇంట ఉండి, పంతులమ్మగా పనిచేసి కొడుకును పెంచారు.

శాంతినికేతన్‌లో నందలాల్ బోస్, వినోద్ బిహారీ ముఖర్జీల వద్ద కుంచె పట్టడం నేర్చుకున్నారు. చదువు పూర్తికాకుండానే తిరిగి వచ్చి, 1943లో డి.జె. కీమర్ అనే ప్రకటనల కంపెనీలో చేరారు. జీతం ఎనభై రూపాయలు! అక్కడ ఉంటూనే సిగ్నెట్ ప్రెస్ పుస్తకాలకు అట్టలు వేశారు. జిమ్ కార్బెట్ పులివేట పుస్తకం బెంగాలీ అనువాదానికి వేసిన అట్ట చూసి తీరాలి. అట్టంతా పులిచర్మం. ముందు అట్టమీద తూటా దూరిన చిన్న రంధ్రం, వెనుక అట్టమీద అది బయటపడిన పెద్ద రంధ్రం. పుస్తకాన్నే పులిని చేశారన్నమాట.

1952లో సినిమా మొదలుపెట్టినప్పుడు కూడా ఉద్యోగం మానలేదు. సెలవురోజుల్లో షూటింగు. డబ్బు చాలక బీమా పాలసీమీద అప్పు చేశారు, భార్య విజయ గారి నగలు తాకట్టుకు వెళ్లాయి. ఇంటి యజమాని ఇలాంటి పని తలపెడితే మన ఇళ్లలో ఏమనేవారో ఊహించుకోండి! చివరకు పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ఆదుకోగా 1955లో చిత్రం విడుదలైంది. అందులో పేర్లు కూడా పాత తాళపత్ర గ్రంథాల తరహాలో చేతితో వ్రాసినవే.

పేరు వచ్చాకా అక్షరాలను వదలలేదు. తన సినిమాల పోస్టర్లకు అక్షరాలు తామే గీసేవారు. ‘ఏక్షణ్’ అనే సాహిత్య పత్రిక పేరులోని మూడే అక్షరాలను సంచిక సంచికకూ కొత్త రూపంలో తిప్పి తిప్పి వ్రాశారు. మన బాపు గారి చేతివ్రాతను చూడగానే పోల్చుకున్నట్లే, బెంగాలీలు ఆయన అక్షరాన్ని పోల్చుకుంటారు. ఇంగ్లీషులోనూ రే రోమన్, డాఫ్నిస్, హాలిడే స్క్రిప్ట్, రే బిజార్ అనే అచ్చు అక్షరాలు రూపొందించారు. బిజార్ అంటే వింత; పేరులోనే చిలిపితనం. రే రోమన్, రే బిజార్‌లకు 1971లో అంతర్జాతీయ పోటీలో బహుమతి లభించింది.

1992లో భారతరత్న, ఆస్కార్ రెండూ వరించాయి. ఆస్కార్‌ను ఆసుపత్రి మంచంమీదనే అందుకున్నారు. ఆ ఏప్రిల్ 23న కన్నుమూశారు. ఆగిపోయిన తాతగారి ‘సందేశ్’ను 1961లో ఆయనే మళ్లీ బ్రతికించారు, అందులో పిల్లల కథలకు బొమ్మలు, శీర్షికలు ఎన్నో ఆయన చేతివే.