శక్తిని నిలిపిన సాధకుడు: గాస్టన్ ప్లాంటే

సంపాదించడం ఒక ఎత్తు, సంపాదించిన దానిని నిలుపుకోవడం మరొక ఎత్తు. ధనానికే కాదు, విద్యుత్తుకూ ఈ మాట వర్తిస్తుంది. 1800లో ఇటలీ శాస్త్రవేత్త ఓల్టా రసాయనిక చర్య ద్వారా విద్యుత్ప్రవాహాన్ని పుట్టించే మార్గం చూపాడు. కాని ఆనాటి ఘటాలలో జింకు వంటి లోహం కరుగుతున్నంత సేపే విద్యుత్తు లభించేది. లోహం హరించిపోతే ఘటం నిష్ప్రయోజనమయ్యేది. ఒకసారి శక్తిని కోల్పోయిన ఘటానికి తిరిగి ఆ శక్తిని ప్రసాదించే ఉపాయాన్ని లోకానికి అందించిన మహనీయుడు గాస్టన్ ప్లాంటే.

ప్లాంటే 1834 ఏప్రిల్ 22న ఫ్రాన్సు దేశపు నైరుతి ప్రాంతంలోని ఓర్తేజ్ పట్టణంలో జన్మించాడు. ఆయన సోదరుడు ఫ్రాన్సిస్ ప్లాంటే పియానో వాద్యంలో ప్రఖ్యాతుడయ్యాడు. గాస్టన్ మాత్రం ప్రకృతి రహస్యాల అన్వేషణలోనే ఆనందాన్ని వెదుక్కున్నాడు. 1854లో ప్యారిస్‌లోని కళలు, వృత్తివిద్యల సంస్థలో భౌతికశాస్త్ర సహాయకుడిగా చేరాడు. మరుసటి ఏడు ప్యారిస్ సమీపంలోని మ్యూదాఁ వద్ద ప్రాచీన యుగానికి చెందిన, ఎగరలేని ఒక మహాపక్షి శిలాజాన్ని కనుగొన్నాడు. ఆ పక్షికి శాస్త్రజ్ఞులు ఆయన పేరు మీదుగానే గాస్టోర్నిస్ అని నామకరణం చేశారు. అప్పటికి ఆయన ఇంకా యువకుడే.

అయినా ప్లాంటే మనస్సు విద్యుత్తు వైపే మొగ్గింది. ఆమ్లద్రవంలో రెండు లోహపు పలకలను ముంచి విద్యుత్తును పంపి, ఆపైన ఆ ప్రవాహాన్ని నిలిపివేస్తే, పలకల నుండి వ్యతిరేక దిశలో కొద్దిసేపు విద్యుత్తు వెలువడుతుంది. ఇతరులు దీనిని ఒక చికాకుగా భావించారు. ప్లాంటే దీనిలోనే ఒక అవకాశాన్ని దర్శించాడు. వివిధ లోహాలను ఓర్పుతో పరీక్షించి, సీసపు పలకలు ఇచ్చే ప్రవాహమే బలమైనదని, ఎక్కువసేపు నిలిచేదని గ్రహించాడు. 1859లో రెండు పలుచని సీసపు రేకుల నడుమ గుడ్డను ఉంచి, చాపలా చుట్టి, పలుచని గంధకికామ్లం నిండిన గాజుపాత్రలో నిలిపాడు. మళ్ళీ మళ్ళీ నింపుకోగల తొలి విద్యుద్ఘటం ఆ విధంగా అవతరించింది. 1860లో ఇటువంటి తొమ్మిది ఘటాలను జతపరచి ఫ్రెంచి విజ్ఞాన పరిషత్తుకు సమర్పించాడు.

అసలు పరీక్ష ఆ తరువాతనే మొదలయింది. నున్నని సీసపు పలక తొలుత స్వల్పశక్తినే నిలుపుకొనేది. దానిని అనేక పర్యాయాలు నింపి, ఖాళీ చేసి, దిశ మార్చి మరల నింపితేనే పలక ఉపరితలం గుల్లబారి సామర్థ్యం పెరిగేది. ఈ సంస్కారానికి నెలలు పట్టేది. పైగా ఆనాడు చవకగా విద్యుత్తు నిచ్చే యంత్రం లేదు. జింకును కరిగించే పాత ఘటాలతోనే కొత్త ఘటాన్ని నింపవలసి వచ్చేది. కనుక ఆ ఆవిష్కరణ సుమారు ఇరువది సంవత్సరాలు ప్రయోగశాలలను దాటి పెద్దగా బయటకు రాలేదు. ప్లాంటే నిరుత్సాహపడక తన పరిశోధనలను కొనసాగించి, వాటి సారాన్ని 1879లో గ్రంథరూపంలో వెలువరించాడు. డైనమో వ్యాప్తిలోకి వచ్చిన తరువాత లోకం ఆయన ఘటం విలువను గుర్తించింది. 1881లో కామిల్ ఫోర్ సీసపు సమ్మేళనాన్ని ముద్దగా చేసి పలకలకు పూసే పద్ధతిని రూపొందించడంతో నెలల శ్రమ ఎంతో తగ్గింది. అదే ఏడు గుస్తావ్ త్రువే ప్యారిస్ వీథులలో ప్లాంటే ఘటాలతో మూడు చక్రాల విద్యుత్ వాహనాన్ని నడిపి చూపాడు.

తన ఘటం భవిష్యత్తులో కోటానుకోట్ల కార్లను మేల్కొలుపుతుందని చూడకుండానే ప్లాంటే 1889 మే 21న మరణించాడు. ఆయన పేరిట నెలకొన్న బహుమతిని 1895లో పియర్ క్యూరీ అందుకున్నాడు. 1912లో కాడిలాక్ కార్లకు విద్యుత్ స్టార్టరును అమర్చడంతో, చేతితో ఇరుసు తిప్పి ఇంజనును కదిలించే కష్టానికి అంతం కనబడింది. నేటి కారు బ్యాటరీలో సుమారు 2.1 వోల్టుల ఘటాలు ఆరు వరుసగా ఉంటాయి. నిండిన బ్యాటరీ నిలకడగా ఉన్నపుడు 12.6 వోల్టుల ప్రాంతంలో చూపుతుంది.

ఈ ఘటం స్వభావం తెలిసినవారికి అరుదుగా నడిపే కారు సంరక్షణ సులభం. బ్యాటరీ ఖాళీ అవుతున్నకొద్దీ రెండు రకాల పలకల మీదా లెడ్ సల్ఫేట్ ఏర్పడుతుంది. వెంటనే నింపితే అది కరుగుతుంది. వారాల తరబడి వదిలివేస్తే గట్టి స్ఫటికాలుగా మారి పలకలను కప్పివేస్తుంది. కారు కదలకపోయినా గడియారం, రక్షణ పరికరాలు కొద్ది కొద్దిగా విద్యుత్తును తాగుతూనే ఉంటాయి. బ్యాటరీ తనంతట తానుగా కూడా క్షీణిస్తుంది. ఎండలో ఈ క్షీణత వేగం పెరుగుతుంది. కావున కొనేటపుడు తయారీ తేదీని చూసి కొత్తదానిని, కారుకు తగిన సామర్థ్యం గలదానిని ఎంచుకోవాలి. వోల్టేజి 12.4 కంటె తగ్గకముందే మరల నింపాలి. ఐదు నిమిషాలు ఇంజను తిప్పి ఆపితే స్టార్టరు వాడుకున్న శక్తి కూడా పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. నిండగానే ప్రవాహాన్ని తగ్గించే చార్జరును వాడడం ఉత్తమం. నింపేటపుడు మండే స్వభావం గల హైడ్రోజన్ వెలువడవచ్చు కనుక గాలి ఆడే చోటు తప్పనిసరి. నీరు పోయవలసిన రకమైతే స్వేదనజలాన్నే వాడాలి.

వాడకం లేని బ్యాటరీకి విశ్రాంతి దొరుకుతున్నదని అనుకోవడం పొరపాటు. అది లోలోపల కృశిస్తూనే ఉంటుంది. అభ్యాసం లేని విద్య కూడా అంతే. పలకను పదే పదే సంస్కరించి శక్తిమంతం చేసిన ప్లాంటే జీవితం విద్యార్థులకు ఈ సత్యాన్నే బోధిస్తున్నది.