కలియుగ భీముడు కోడి రామ్మూర్తి నాయుడు

మన ప్రత్యేక సంచికలో ఒక మహనీయుని జీవితాన్ని స్మరించుకోవడం మంచి అలవాటు. ఈసారి కవినో, నాయకునో కాకుండా ఒక మల్లయోధుని ఎంచుకోవడానికి కారణం మా ఇంట్లోనే దొరికింది. మా మనవడు ఊళ్ళో ఒక జిమ్ములో చేరాడు. మొదటి రోజే పక్కవాళ్ళను చూసి ఎత్తగలిగినంత బరువూ ఎత్తాడు. మర్నాడు చొక్కా తొడుక్కోవడానికి చెయ్యి లేవలేదు. నాలుగో రోజు ఒళ్ళు నొప్పులు తగ్గాయి గాని ఉత్సాహం కూడా తగ్గిపోయింది. కట్టిన ఫీజు అలాగే పోయింది. వాడికి కూర్చోబెట్టి చెప్పిన జీవితమే ఇక్కడ మీకూ మనవి చేస్తున్నాను.

కోడి రామ్మూర్తి నాయుడు గారు 1880వ దశకం ఆరంభంలో వీరఘట్టంలో జన్మించారు. ఆనాడు అది విశాఖ జిల్లా. తరువాత శ్రీకాకుళం జిల్లాలో ఉండి, 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. తండ్రి వెంకన్న నాయుడు గారు. తల్లి చిన్నతనంలోనే గతించడంతో పిల్లవాడు తండ్రి గారాబంలో పెరిగాడు. చదువు మీద ధ్యాస తక్కువ. కాని ఒక్క విషయంలో మాత్రం ఎవరూ చెప్పనక్కరలేకుండా క్రమశిక్షణ ఉండేది. వేకువనే లేచి ఊరి చెరువు దాకా వెళ్ళి, అక్కడ వ్యాయామం చేసుకుని ఇల్లు చేరేవాడట. ఆ తరువాతి కాలంలో ఏనుగును మోసిన ఛాతీకి పునాది ఈ చెరువుగట్టు మీదే పడింది.

కుర్రవాడు అల్లరి పాలవుతాడని తండ్రి విజయనగరంలో పోలీసు శాఖలో ఉన్న తమ్ముడు నారాయణస్వామి గారి దగ్గరకు పంపారు. పినతండ్రి అతని మొగ్గు గమనించి వ్యాయామశాలలో చేర్పించారు. అటుపైన మద్రాసు సైదాపేటలో ఏడాదిపాటు వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరం తిరిగి వచ్చి హైస్కూలులో వ్యాయామోపాధ్యాయులయ్యారు. అంటే ఆయన కూడా కొంతకాలం మనలాగే నెల జీతం మీద బతికినవారే! పిల్లలచేత వరుసగా నిలబెట్టి డ్రిల్లు చేయించిన మాష్టారే.

ఇక్కడ మనం ఒక సంగతి గమనించాలి. ఆయన బలాన్ని గురించి కథలు చెప్పుకునేవాళ్ళు ఈ మధ్య సంవత్సరాలను దాటవేస్తారు. చెరువుగట్టు, వ్యాయామశాల, సైదాపేట, ఆ తరువాత ఉద్యోగం. ఇన్ని మెట్లు ఎక్కిన తరువాతే ప్రదర్శన. ఆనాటి తాలింఖానాల పద్ధతీ అదే. ముందు దండేలు, బస్కీలు. అవి ఒంటికి పట్టిన తరువాతే గదలు, రాళ్ళు, కుస్తీ. మన మెట్ట ప్రాంతపు మిరప యార్డుల్లో కూడా కొత్తగా చేరిన మనిషి తొలిరోజే పాతకాపుతో పోటీపడి బస్తాలు మోయబోతే నడుం పట్టేస్తుంది. పనిలో ఆరితేరినవారు ఈ మాట ముందే చెబుతారు.

ఆ తరువాత మిత్రుల ప్రోత్సాహంతో రామ్మూర్తి గారు ఉద్యోగం వదిలి సర్కస్ కంపెనీ పెట్టారు. పింఛను వచ్చే దారి విడిచి డేరా దారి పట్టారన్నమాట. ఆ డేరాతో దేశమంతా తిరిగారు. ఒంటికి ఇనుప గొలుసు బిగించి కట్టించుకుని, ఊపిరి పూరించి తెంచేవారు. భుజాలకు గొలుసులతో రెండు కార్లు కట్టించుకుని, అవి చెరోవైపు లాగుతున్నా కదలక నిలిచేవారు. ఛాతీ మీద పలక పరిపించుకుని దానిపై ఏనుగును నడిపించుకునేవారు. వైస్రాయి మింటో ప్రభువు కారును సైతం కదలనివ్వలేదని చెప్పుకుంటారు. లండన్‌లో అయిదవ జార్జి చక్రవర్తి దంపతుల ఎదుట ప్రదర్శించి ఇండియన్ హెర్క్యులస్ అన్న బిరుదు పొందారని ప్రసిద్ధి. మన జనం మాత్రం కలియుగ భీముడనే పిలుచుకున్నారు.

అది ప్రపంచమంతా బలసాధన మీద మోజుపడిన కాలం. ప్రష్యాలో 1867లో పుట్టిన యూజిన్ శాండో డంబెల్సు సాధనను ఇంటింటికీ చేర్చాడు. 1905 ప్రాంతంలో మన దేశానికీ వచ్చి వెళ్ళాడు. 1910లో గామా పహిల్వాన్ లండన్‌లో జిబిస్కోతో తలపడ్డాడు. పరాయి పాలనలో ఉన్న జాతికి వీరి కండలు ఉత్త కండలుగా కనపడలేదు. తమ సత్తాకు రుజువుగా కనిపించాయి. రామ్మూర్తి గారి డేరాకు జనం ఎగబడడంలో ఆ అభిమానం చాలా ఉంది.

మాంసం తింటేనే బలం అనుకునేవారికి ఆయన పూర్తి శాకాహారి అంటే ఆశ్చర్యం కలుగుతుంది. ప్రాణాయామాన్ని శ్రద్ధగా సాధన చేశారు. సర్కస్‌లో ధనం బాగా ఆర్జించి, అంత ధారాళంగానూ దానధర్మాలు చేశారు.

చివరి దశ మాత్రం బాధాకరం. కాలికి వచ్చిన వ్యాధి ముదిరి కాలే తీసివేయవలసి వచ్చింది. ఆ శస్త్రచికిత్సకు మత్తు మందు కూడా వద్దని, ప్రాణాయామ బలంతో ఓర్చుకున్నారని పెద్దలు చెప్పుకునేవారు. ఒడిశాలోని బలంగీర్ ఆయన చివరి మజిలీ. 1942 జనవరిలో అక్కడే కన్నుమూశారు. ఏనుగును మోసిన మనిషికి కూడా ఒళ్ళు శాశ్వతం కాదు. ఉన్నన్నాళ్ళూ దాన్ని ఎలా చూసుకున్నామన్నదే మిగులుతుంది. శ్రీకాకుళంలో ఆయన పేరిట స్టేడియం, విశాఖ సాగరతీరాన ఆయన విగ్రహం ఉన్నాయి.

ఇక నందిగామ, జగ్గయ్యపేటలలో జిమ్ముకు వెళ్ళబోయే మన మనవలకు, మనవరాళ్ళకు నాలుగు మాటలు. తొలి నెలల్లో వారానికి మూడు రోజులు చాలు. రోజు విడిచి రోజు చేస్తే కండరం కోలుకుంటుంది. బలం పెరిగేది ఆ విశ్రాంతిలోనే. ముందు పది నిమిషాలు నడకతో ఒళ్ళు వేడెక్కించాలి. తరువాత కాళ్ళకు బస్కీలు, ఛాతీకి దండేలు, వీపుకు లాగే కసరత్తు, నడుముకు ఒకటి. ఈ నాలుగూ చేస్తే ఒళ్ళంతా కదులుతుంది. ఒక్కొక్కటి పది పన్నెండు మార్లు, రెండు విడతలు. చివరి రెండు మార్లు కష్టంగా ఉన్నా, భంగిమ చెడకుండా చేయగలిగేదే సరైన బరువు. పన్నెండూ తేలికగా వస్తున్నాయనిపించినప్పుడు కొద్దిగా పెంచాలి. చేసినది ఒక నోటుపుస్తకంలో రాసుకుంటే ఎంత ఎదిగిందీ తెలుస్తుంది. రెండు మూడు రోజులు ఉండే ఒళ్ళు నొప్పి సహజం. కీలులో పోటు వస్తే మాత్రం ఆపి వైద్యునికి చూపించాలి.

మన సంగతి కూడా మరువరాదు. 65 దాటినవారు సైతం వారానికి 150 నిమిషాలు ఓ మోస్తరు వేగంగా నడవాలని, రెండు రోజులైనా కండరాలకు పని చెప్పాలని, తూలి పడకుండా నిలకడకు మూడు రోజులు సాధన చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా పదిసార్లు లేచి కూర్చోవడం మన బస్కీ. గోడకు చేతులు ఆనించి చేసేది మన దండెం. రక్తపోటు, చక్కెర, గుండె జబ్బు ఉన్నవారు డాక్టరు గారిని అడిగే మొదలుపెట్టాలి. రామ్మూర్తి గారు ఊపిరి బిగబట్టి గొలుసులు తెంచారు గదా అని మనం బరువెత్తేటప్పుడు ఊపిరి బిగబట్టరాదు. రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది. ఎత్తేటప్పుడు వదలాలి, దించేటప్పుడు పీల్చాలి.

ఆయన నుంచి మనం తెచ్చుకోవలసింది గొలుసు కాదు, ఏనుగు కాదు. తెల్లవారకముందే తానై లేచి చెరువుగట్టుకు నడిచిన ఆ పిల్లవాని నియమం. మా మనవడు మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి చిన్న బరువులతో, రోజు విడిచి రోజు. వాడు వెళ్ళే వేళకే నేనూ చేతికర్ర పట్టుకుని నడకకు బయలుదేరుతున్నాను. సంఘ సభ్యులందరికీ ఆయురారోగ్యాలు కలగాలని కోరుకుంటూ సెలవు.