ఛాయాచిత్రకళా తపస్వి రాజా దీన్ దయాళ్

ఏ కళ అయినా మొదట వినోదంగానే మనసును ఆకర్షిస్తుంది. ఆ వినోదాన్ని దీక్షగా మలచుకొని, కాలగర్భంలో కలిసిపోకుండా నిలిచే ఫలితాన్ని లోకానికి అందించేవారు అరుదు. అట్టి అరుదైన వారిలో రాజా దీన్ దయాళ్ ఒకరు. పుట్టుకచేత ఉత్తర దేశీయులైనా, ఆయన కీర్తి పండినది హైదరాబాదులోనే.

1844లో మీరట్ సమీపంలోని సర్ధనాలో ఒక జైన కుటుంబంలో ఆయన జన్మించారు. రూర్కీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, 1866లో ఇందోరు ప్రజాపనుల శాఖలో ఉద్యోగిగా చేరారు. 1874 ప్రాంతంలో, ఉద్యోగం చేస్తూనే తీరిక వేళలలో కెమెరా చేతబట్టారు.

ఆనాడు ఛాయాచిత్రం తీయడం నేటివలె క్షణంలో ముగిసే పని కాదు. గాజు పలకపై కొలోడియన్ అనే జిగట ద్రవం పూసి, వెండి లవణపు ద్రావణంలో ముంచి, తడి ఆరకముందే చిత్రం తీసి, వెంటనే చీకటి గుడారంలో కడగాలి. పొడి పలకలు వచ్చిన తరువాత ఈ శ్రమ కొంత తగ్గినా, బరువైన పెట్టెలతో, పగిలిపోయే పలకలతో ప్రయాణం కష్టసాధ్యమే.

హోల్కరు మహారాజు రెండవ తుకోజీరావు, ఆంగ్ల అధికారి సర్ హెన్రీ డేలీ ఆయనను ప్రోత్సహించారు. 1882లో సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట పర్యటించి, మధ్య భారతంలోని కోటలను, ఆలయాలను, శిల్పాలను చిత్రించారు. ఆ చిత్రాలు 1886లో గ్రంథరూపం పొందాయి. అభిరుచి ఒకవైపు, నెలనెలా వచ్చే జీతం మరొకవైపు నిలిచినప్పుడు, కుటుంబ భారం గల ఆ గృహస్థు స్థిరమైన ఉద్యోగాన్ని వదలి కళనే నమ్ముకున్నారు.

ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆయనను ఆస్థాన ఛాయాచిత్రకారునిగా నియమించి, రాజా ముసవ్విర్ జంగ్ బిరుదుతో గౌరవించారు. ముసవ్విర్ అనగా చిత్రకారుడు. సికింద్రాబాదులోను, 1896లో బొంబాయిలోను ఆయన చిత్రశాలలు వెలిశాయి. ఘోషా స్త్రీల కోసం 1892లో హైదరాబాదులో ప్రత్యేక చిత్రశాల నెలకొల్పి, దాని నిర్వహణను ఒక ఆంగ్ల వనితకు అప్పగించారు. 1897లో విక్టోరియా రాణి నుండి రాజగౌరవపత్రం లభించింది. రాజదర్బారుల వైభవంతోపాటు, కరువు సహాయపు పనులలో ఉన్న బీదల ముఖాలు కూడా ఆయన కెమెరాకు అందాయి. అందుచేతనే ఆ చిత్రాలు అలంకారమాత్రాలు కాక, చరిత్రకు సాక్ష్యాలైనాయి.

1905లో దీన్ దయాళ్ పరమపదించారు. 1989లో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం ఆయన చిత్రశాలకు చెందిన 2,857 గాజు పలకలను సేకరించి భద్రపరచింది. 2006లో భారత తపాలా శాఖ ఆయన స్మారకంగా బిళ్ళను వెలువరించింది.

విద్యార్థులారా! నేడు దాదాపు ప్రతి చేతిలోను కెమెరా ఉన్నది. మన చేజర్ల చుట్టుప్రక్కల చిత్రించదగినవి కొల్లలు. ఉదయగిరి కొండమీది శిథిల ప్రాకారాలు, అక్కడి పనివారు చెక్కే కొయ్య గరిటెలు, సోమశిల వద్ద పెన్న నీటిపై వాలే సాయం సంధ్య, ఇంటి ముంగిట రోలు, రోకలి, ఇవన్నీ చిత్రాలకు అర్హమైనవే. తీసిన ప్రతి చిత్రానికి ఊరు, తేది, వస్తువు పేరు వ్రాసి దాచండి, నలుగురికీ చూపండి. కోట గోడ రేపు కూలవచ్చు, చేతిపని మరుగున పడవచ్చు. శ్రద్ధతో తీసి దాచిన చిత్రం మాత్రం రాబోయే తరానికి వాటిని చూపగలదు. దీన్ దయాళ్ జీవితం మనకు నేర్పే పాఠం ఇదే.